తడి గడ్డి

బెంటన్‌విల్,
ఆగస్టు 24

నళినీ,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఫోన్ ఉండగా ఇదేం పని అంటావు. నేను ఫోన్ ఎత్తితే పక్కగదిలో మా ఆయన మీటింగ్ మ్యూట్‌లో పెట్టి ఇటు వింటాడు. నీకు చేస్తే నువ్వెప్పుడూ కార్‌లోనే ఉంటావు. నా గొంతు స్పీకర్‌లో పెట్టి, మీ ఊళ్ళో చదువుకుంటున్న మా ఆద్యని పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిరుగుతావు. ఇక మనిద్దరం మాట్లాడుకునేది ఎక్కడ? అందుకని కాగితం తీశాను. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. సర్దుకుని చదువు.

మందు ఎక్కించడం ఇంకా నడుస్తోంది. కడుపులో గడ్డ తగ్గుతోందని మా ఆయన అంటాడు. రిపోర్టులు ఆయనే చూస్తాడు, డాక్టర్‌తో ఆయనే మాట్లాడతాడు, ఇంటికొచ్చాక నాకు తెలుగులో చెప్తాడు. ఆ తెలుగులో అంతా బాగానే ఉంటుంది. ఈ దేశంలో ఇన్నేళ్ళు టెస్టింగ్ ఉద్యోగం చేసినదాన్ని, నాకు ఇంగ్లీషు రాదన్నట్టు.

కుదురుగా కూర్చోలేకపోతున్నాను. కిటికీ దగ్గర నుంచి ఫ్రిజ్ దగ్గరికి, అక్కణ్ణుంచి మెయిల్‌బాక్స్ దగ్గరికి, మళ్ళీ కిటికీ దగ్గరికి. కట్టేసిన గేదె గుంజ చుట్టూ తిరిగినట్టు తిరుగుతున్నాను.

అసలు సంగతికి వస్తాను. పోయిన వారం ఆద్య ఫోన్ చేసింది. కాలేజీలో సినిమాల క్లాస్ ఒకటి తీసుకుందట. "అమ్మా, నువ్వు ఈ ఫ్రెంచ్ మూవీ చూడాలి. ఇద్దరు ఫ్రెండ్స్ ఉంటారు, ఎగ్జాక్ట్‌గా నువ్వూ నళినీ ఆంటీ లాగ" అంది. లైబ్రరీలో డిస్క్ దొరికింది. కొండల్లో చిన్న ఊరు, ఇద్దరు ఆడవాళ్ళు. వాళ్ళ పేర్లకి నాకు నోరు తిరగలేదు. పొట్టామె, పొడుగామె అనుకుంటూ చూశాను. పక్కపక్క పొలాలు, ఇద్దరికీ ఆవులు. మీసాలాయన ఒకడు ట్రాక్టర్ తోలుతుంటాడు. అతని మీద పొడుగామె మనసు పడింది, పొట్టామె పెళ్ళి చేసుకుంది. దాని మీద గొడవలేమీ లేవు. ముగ్గురూ కలిసి గడ్డి కోస్తారు, రొట్టె తింటారు, తిట్టుకుంటారు. పాలు పితికే ముందు పొడుగామె పొదుగు మీద నీళ్ళు కొట్టి తుడిచిన తీరు చూసి, ఈ సినిమా తీసినవాళ్ళు పాడి ఎరిగినవాళ్ళే అనుకున్నాను.

తర్వాత పొట్టామెకి జబ్బు చేసింది. ఆస్పత్రి గది, తెల్లకోటు డాక్టరు. సరిగ్గా అప్పుడు మా ఆయన వచ్చాడు. టీవీని చూశాడు, నన్ను చూశాడు, రిమోట్ అందుకున్నాడు. "ఇలాంటివెందుకే ఇప్పుడు, ఏదన్నా కామెడీ పెడతా" అన్నాడు. మర్నాడు నేను లేచేసరికి డిస్క్ లైబ్రరీకి చేరిపోయింది. ఆయన అంత చురుగ్గా లైబ్రరీ సరుకు తిరిగివ్వడం నేనెప్పుడూ ఎరగను.

నువ్వు ఆ సినిమా సంపాదించి చూడు, పేరు ఆద్యని అడుగు. చివర ఏమైందో నాకు రాయి. అలాగే మా ఆయన నీకు ఫోన్ చేసి నా గురించి ఏమన్నా చెప్పాడా, అదీ రాయి. ఆద్య జనవరిలో ఫ్రాన్స్ వెళ్తోంది, ఒక సెమిస్టరు అక్కడే చదువు. దాన్ని వెళ్ళనివ్వాలా ఆపాలా అన్నది నా ఒంటి సంగతిని బట్టి ఉంటుంది. ఆ సంగతి నా ఇంట్లో నాకు తప్ప అందరికీ తెలిసినట్టుంది. మనం ఒకే వీధిలో పెరిగినవాళ్ళం. నువ్వు చెప్తావు.

వసంత


షాంటిలీ,
సెప్టెంబరు 7

వసంతా,

నీ ఉత్తరం అందింది. మెయిల్‌బాక్స్‌లో కూపన్ల మధ్య నీ అక్షరాలు చూసి ముందు భయపడ్డాను, తర్వాత నవ్వొచ్చింది. కోడి నయం.

ఇక్కడ స్టోర్‌లో పనితో ఊపిరాడటం లేదు. వినాయక చవితి సరుకు ఆలస్యంగా దిగింది. పత్రి కోసం వచ్చినవాళ్ళంతా నన్నే తిట్టారు. ఆ ఓనరు నాకు చేసే ఉపకారమేమిటంటే, వాళ్ళు తిడుతున్నప్పుడు లోపలికి వెళ్ళి కూర్చుంటాడు.

ఆద్య ప్రతి ఆదివారం వస్తోంది. పప్పు, వేపుడు, పెరుగు. నువ్వు చెప్పినట్టే ఆవకాయ తక్కువ వేస్తున్నాను, అదే మళ్ళీ సీసా లాక్కుంటోంది. ఫ్రాన్స్ వీసా కాగితాలు సర్దుకుంటోంది. బాగుంది. బక్కగా ఏమీ లేదు. నువ్వు వీడియో ఆన్ చేయడం లేదని మాత్రం ఒకసారి అంది. జుట్టు ఊడింది కదే, నీకు చూపించడం ఇష్టం లేక అన్నాను.

మీ ఆయన ఫోన్ చేస్తుంటారు, నిజమే. నేను పంపిన ఇడ్లీ రవ్వ ఎంతసేపు నానబెట్టాలి, ఇలాంటివి. నీ గురించి మందు బాగా పనిచేస్తోందని చెప్పారు. వేరే ఏమీ అనలేదు. నువ్వు అనవసరంగా ఊహించుకుంటావు. చిన్నప్పుడూ అంతే, పరీక్ష రాసొచ్చి ఫెయిలవుతానని ఏడ్చేదానివి. ఫస్ట్ వచ్చేదానివి.

సినిమాకి లైబ్రరీలో పేరు రాయించాను. వేరేవాళ్ళ దగ్గర ఉందట. బాగా తిను.

నళిని


బెంటన్‌విల్,
సెప్టెంబరు 19

నళినీ,

ఇడ్లీ రవ్వ సంగతి నమ్మాను. ఇడ్లీలు చూశాక ఇంకా నమ్మాను. ఒకటి కింద పడితే టైల్‌కి గీత పడింది.

మా ఆయన వచ్చే జూన్‌కి ఎల్లోస్టోన్‌లో గది బుక్ చేశాడు. నాకు మెయిల్ చూపించి మరీ చెప్పాడు, క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగి రాని రకమట. అది చెప్తున్నప్పుడు నా మొహం చూడలేదు. ఫోన్ చూస్తూ చెప్పాడు. అంత గట్టిగా బుక్ చేస్తే నేను జూన్ దాకా ఉండి తీరాలని కాబోలు.

నా సంగతి నీకు తెలియదంటున్నావు. సరే. సినిమా సంగతైనా తేల్చు. రోజూ ఆ పొట్టామె గుర్తొస్తోంది. ఆస్పత్రి మంచం మీద కూర్చుని, డాక్టరు మాట్లాడుతుంటే వినకుండా, కిటికీలోంచి ఎవరిదో పొలం చూస్తోంది. అక్కడ ఆపేశాడు మా ఆయన. ఆమె అలా చూస్తూనే ఉండిపోయింది నాకు.

నిన్న మెయిల్‌బాక్స్ దాకా నడిచి, వెనక్కి రాలేక అక్కడే గట్టు మీద కూర్చున్నాను. ఎదురింటి అమెరికన్ ముసలాయన కుక్కతో వచ్చి, తోడు కావాలా అని అడిగాడు. వద్దన్నాను. ఆయన వెళ్ళకుండా కుక్కని ఆడిస్తూ అక్కడే ఉన్నాడు. నేను లేచాక వెళ్ళాడు.

తొందరగా రాయి.

వసంత


షాంటిలీ,
అక్టోబరు 1

వసంతా,

సినిమా దొరికింది. మొన్న కూర్చుని మొత్తం చూశాను. బాగుంది.

చివర పొట్టామెకి నయమవుతుంది. మీసాలాయన ఆమెని ఆస్పత్రి నుంచి ట్రాక్టర్ మీద ఇంటికి తెస్తాడు. ఆ వేళకి వాళ్ళ పొలంలో గడ్డి కోసి పరిచి ఉంటుంది. దారిలో ఉండగానే పెద్ద వాన. అందరూ తడిసి ముద్దయిపోతారు. ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చి, నవ్వుకుంటూ, పాడుకుంటూ, సాయంత్రానికల్లా ఆ గడ్డంతా ఎత్తి కొట్టంలో వామి వేసేస్తారు. పొట్టామె ఆ వామి ఎక్కి కూర్చుంటుంది. పొడుగామె కింద నుంచి ఏదో అంటుంది, ఇద్దరూ నవ్వుతారు. అక్కడ అయిపోతుంది.

నువ్వే లేనిపోనివి అనుకుంటావు, చూశావా. ఎల్లోస్టోన్‌కి నేనూ వస్తాను, నాకూ ఒక మంచం చెప్పు.

ఆద్య గురించి నిశ్చింతగా ఉండు. దాన్ని వెళ్ళనివ్వు. ఇక్కడ కరివేపాకు బాగా వచ్చింది, ఒక డబ్బా పంపుతున్నాను.

నళిని


బెంటన్‌విల్,
అక్టోబరు 8

నళినీ,

వానలో తడిసిన గడ్డిని ఆ సాయంత్రమే వామి వేశారా? ఎవరే వేసింది?

పొదుగు అంత శుభ్రంగా తుడిచే మనిషి తడి గడ్డి వామి వేస్తుందా? లోపల ఆవిరి పట్టి, ముక్కి, నల్లబడి, దానంతటదే నిప్పు అంటుకుంటుంది. మీ పెదనాన్న తొందరపడి పచ్చి గడ్డి మీద వామి లేపితే పొగలు కక్కింది, ఊరంతా బిందెలు పట్టుకుని పరిగెత్తాం. నువ్వు నా ముందు పరిగెత్తావు. నీ పరికిణీ అంచు కాలింది. సినిమావాళ్ళకి తెలియదేమో అనుకుందామంటే, సగం సినిమా నేనూ చూశాను. వాళ్ళకి తెలుసు. ఆ వామి నువ్వు వేశావు. నయమైన పొట్టామెని ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలి కాబట్టి దాని మీద కూర్చోబెట్టావు.

ఇప్పుడు నేను చెప్పేది విను. నాకు జులై నుంచి తెలుసు. ఆ రోజు మా ఆయన కార్ గుమ్మం దగ్గరికి తేవడానికి వెళ్ళాడు. డాక్టరమ్మ తలుపు దగ్గరగా వేసి, మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది అని అడిగింది. అంతా అన్నాను. అంతా చెప్పింది. గడ్డ తగ్గడం లేదు, మందు దాన్ని కాస్త ఆపుతుంది, అంతే. వచ్చే చలికాలం గడిస్తే మంచిదే, తర్వాత మాట చెప్పలేను అంది. నేను థాంక్స్ చెప్పి బయటికి వచ్చాను. కార్‌లో ఎక్కగానే మా ఆయన "డాక్టర్ హ్యాపీగా ఉంది" అన్నాడు. సీటు బెల్టు పెట్టుకోవడానికి ఆయన చేతులు ఒకపట్టాన రాలేదు. అది చూశాక నాకు తెలుసని చెప్పలేకపోయాను. అప్పటి నుంచి ఆయన నాకోసం నాటకం, నేను ఆయన కోసం నాటకం. ఇద్దరం బాగానే చేస్తున్నాం.

అయితే నాకు ఒక్క మనిషి కావాలి. నేను నిన్ను అడిగింది తెలుసుకోవడానికి కాదు. ఎవరైనా ఒక్కరు ఆ మాట నా మొహాన అంటారేమోనని. ఇంతమంది నా చుట్టూ తడి గడ్డి పేరుస్తున్నారు. లోపల ఎంత వేడెక్కుతోందో ఎవరికీ పట్టదు.

కరివేపాకు అందింది. సగం నల్లబడింది. డబ్బాకి కన్నాలు పెట్టలేదు నువ్వు.

వసంత


షాంటిలీ,
అక్టోబరు 15

వసంతా,

నీ ఉత్తరం స్టోర్ వెనక అట్టపెట్టెల మధ్య నిలబడి చదివాను. ఓనరు వచ్చి ఏమైంది నళినిగారూ అంటే, ఉల్లిపాయలు అన్నాను. మూటలు ఇంకా విప్పనేలేదు.

మీ ఆయన ఆగస్టు మొదట్లో ఫోన్ చేశారు. నువ్వు ఉత్తరం రాయకముందే. డాక్టరమ్మ నీకు చెప్పినదే ఆయనా చెప్పారు. తర్వాత ఆద్య మీద ఒట్టు వేయించుకున్నారు, నీకు చెప్పకూడదు, ఆద్యకి చెప్పకూడదు అని. పిల్ల వెళ్ళొచ్చాక చూద్దాం అంటారు. వెళ్ళొచ్చేది మే నెల. అప్పటికి ఏముంటుందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. సినిమా చూశాక నీకు ఏం రాయాలని అడిగితే, బతికిందని రాయమ్మా అన్నారు. వామి మాత్రం నాదే.

అసలు చివర ఇది. పొట్టామెని ఇంటికి తెస్తారు, కిటికీ పక్కన మంచం వేస్తారు. బయట గడ్డి కోసి ఆరబెట్టి ఉంది. కొండ మీద మబ్బు పట్టింది. మీసాలాయన, పొడుగామె గబగబా గడ్డి పోగులు చేస్తుంటారు. ఇంట్లోంచి ఒక ముసలామె గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. మీసాలాయన చేతిలో కర్ర పడేసి లోపలికి పరిగెడతాడు. పొడుగామె ఒక్క క్షణం ఆగుతుంది. మళ్ళీ గడ్డి లాగడం మొదలుపెడుతుంది. ఒక్కతే. చివరి పోగు కొట్టంలోకి చేర్చి తలుపు మూసేదాకా లోపలికి వెళ్ళదు. అప్పుడు వాన పడుతుంది. అంతే సినిమా.

నాకు ఒళ్ళు మండింది. ఏం మనిషే అది? గడ్డి పోతే పోయింది. లోపల స్నేహితురాలు పోతే, ఆ గడ్డి ఎవరికి? సినిమా అయ్యాక లేచి గిన్నెలన్నీ తోమాను. శుభ్రంగా ఉన్నవి కూడా.

ఇంకొకటి రాయాలి. పోయిన ఆదివారం ఆద్య అన్నం ముందు కూర్చుని, "ఆంటీ, అమ్మ ఈజ్ నాట్ ఓకే, కదా?" అంది. నేను "తిను ముందు" అన్నాను. "ఐ ఆస్క్డ్ సంథింగ్" అంది. నేను పెరుగు తేవడానికి లేచి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అది ఫోన్ చూసుకుంటోంది. మళ్ళీ అడగలేదు. అడిగితే బాగుండేది అనిపించింది.

దానికి చెప్పాలి, వసంతా. ఒట్టు సంగతి నేను చూసుకుంటాను. కానీ నువ్వు చెప్పమంటేనే చెప్తాను. ఇకనుంచి నీకు తెలియకుండా ఏమీ చేయను.

నళిని


బెంటన్‌విల్,
అక్టోబరు 22

నళినీ,

మా తాతయ్య పోయిన రోజు నీకు గుర్తుందా? తుఫాను వస్తోందని రేడియోలో చెప్పారు. కోసిన వరి పనలన్నీ చేలోనే ఉన్నాయి. తాతయ్యని అరుగు మీద పడుకోబెట్టారు, దీపం పెట్టారు. మన పక్కింటి ముసలామెని, మనిద్దరినీ కాపలా ఉంచి, ఊరు ఊరంతా చేలోకి వెళ్ళిపోయింది. మా నాయనమ్మ కొంగు బిగించి అందరికంటే ముందు నడిచింది. తాతయ్య చేనే అది. కుప్పలు వేసి, గడ్డి కప్పి, చీకటి పడ్డాక వచ్చారు. అప్పుడు నాయనమ్మ గుమ్మంలో కూలబడింది. అప్పటిదాకా ఆవిడ ఏడవలేదని ఊళ్ళో ఎవరూ తప్పు పట్టలేదు. నువ్వు ఊరు మరిచిపోయావు. పొడుగామె మరిచిపోలేదు.

నాకు ఆ ముగింపు నచ్చింది. నువ్వు ముందే రాసి ఉంటే ఈ మూడు వారాలు హాయిగా ఉండేదాన్ని.

ఆద్యకి చెప్పు. ఇన్నాళ్ళూ దాన్ని తెలియకుండా పంపేద్దామనే చూశాను. మళ్ళీ అనుకున్నాను, అక్కడ ఎవరో ఫోన్ చేసి చెప్తే, కొత్త దేశంలో అది ఎక్కడ నిలబడి ఆ మాట వింటుంది? బస్సులోనా? తెలిసి వెళ్ళాలి, లేదా తెలిసి మానుకోవాలి. అది దాని ఇష్టం. నాకు మాత్రం వెళ్తేనే ఇష్టం, ఆ మాట కూడా చెప్పు.

నేనే చెప్పొచ్చు. కానీ నేను చెప్తే అది ఏడవదు, నన్ను ఓదారుస్తుంది. నీ దగ్గరైతే ఏడుస్తుంది. కార్‌లో చెప్పకు. చేతికి ఏదన్నా పని ఇచ్చి చెప్పు.

మా ఆయన ఇప్పుడు సాంబారు నేర్చుకున్నాడు. ఆ సినిమా చూసి, నేను పోయాక ఆయన్ని నీకు అప్పజెప్పుదామనుకున్నాను కానీ, ఆ సాంబారు తిన్నాక నీ మీద జాలేసి మానుకున్నాను.

వసంత


షాంటిలీ,
నవంబరు 4

వసంతా,

చెప్పాను.

మొన్న కాదు, అంతకు ముందు ఆదివారం దాన్ని ఇంటికి రమ్మనకుండా స్టోర్‌కి రమ్మన్నాను. వెనకగదిలో గోంగూర కట్టలు విప్పి, ఆకు తుంచమని ముందు పెట్టాను. ఒక కట్ట అయ్యాక చెప్పాను. డాక్టరు చెప్పిన మాట ఉన్నదున్నట్టు చెప్పాను. నువ్వు వెళ్ళమన్నావనీ, నిర్ణయం దానిదేననీ చెప్పాను.

తుంచడం ఆపలేదు. ఇంకో కట్ట విప్పుకుంటూ, "ఎప్పటి నుంచి తెలుసు ఆంటీ?" అంది. ఆగస్టు అన్నాను. "అంటే ప్రతి సండే అన్నం పెట్టి అబద్ధం చెప్పారా?" అంది. ఔనన్నాను.

ఏడుస్తుందన్నావు. ఏడవలేదు. నా దగ్గర కూడా ఏడవలేదు, నువ్వు తప్పు లెక్క వేశావు. కట్టలన్నీ అయ్యాక లేచింది. చూస్తే ఆకు చెత్తబుట్టలో వేసి, కాడలు గిన్నెలో పెట్టింది. నేనే దించుతానంటే వద్దని ఊబర్ పిలుచుకుంది. తలుపు దగ్గర ఆగి, "థాంక్స్‌గివింగ్‌కి ఇంటికి వెళ్తున్నా. డాడ్‌కి ఫోన్ చేసి చెప్పకండి" అంది.

ఈ ఆదివారం రాలేదు. పప్పు ఇద్దరికి సరిపడా వండాను, అలవాటు కొద్దీ.

నేను చేసింది మంచో చెడో నాకు తెలియడం లేదు. ఒక చోట నిలబడలేకపోతున్నాను. కౌంటర్ దగ్గర ఒకామె రెండుసార్లు పిలిచింది, ఆంటీ, చేంజ్ ఇవ్వండి అని. ఈ తిరుగుడు నీ నుంచి నాకు అంటుకుంది.

నళిని


బెంటన్‌విల్,
నవంబరు 30

నళినీ,

ఇన్ని రోజులూ రాయలేదు. మొదట ఆద్య వచ్చాక రాద్దామని, తర్వాత కోపం వచ్చి.

ఆద్య మంగళవారం దిగింది. పెట్టె గుమ్మంలో పెట్టి సరాసరి వంటింట్లోకి వెళ్ళింది. మా ఆయన ఉప్మా కలుపుతున్నాడు. "డాడ్, అమ్మకి తెలుసు. నాకు తెలుసు. నువ్వొక్కడివే యాక్టింగ్" అంది. ఆయన గరిటె తిప్పుతూనే ఉన్నాడు. అడుగంటిన వాసన వస్తోంది. "ఇందులో ఉప్పు వేశానా?" అన్నాడు నాతో. వేశారు అన్నాను. స్టవ్ కట్టేసి, గరాజ్‌లోకి వెళ్ళి కార్‌లో కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కసీట్లో కూర్చున్నాను.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"మీరు కార్ తేవడానికి వెళ్ళిన రోజు నుంచి."

"మరి చెప్పలేదేం?"

"మీరు అంత బాగా చేస్తుంటే చెడగొట్టడం ఎందుకని."

ఆయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. అక్కడే చాలాసేపు కూర్చున్నాం. గరాజ్ తలుపు మూసే ఉంది. ఎక్కడికీ వెళ్ళకుండా కార్‌లో కూర్చోవడం మా పెళ్ళయ్యాక అదే మొదలు. ఉప్మా ముగ్గురం తిన్నాం. మాడింది. ఉప్పు రెండుసార్లు వేశాడు.

ఇంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత రెండు రోజులూ నా మీద కాపలా పెట్టారు. ఆయన ఆ సోఫాలో, అది ఈ సోఫాలో. నేను దగ్గితే ఇద్దరూ లేస్తారు. నీళ్ళ గ్లాసు నా చేత ఎత్తనివ్వరు. ఆద్య నేను ఫ్రాన్స్ వెళ్ళను, ఇక్కడే ఉంటాను అంది. ఉండి ఏం చేస్తావే అంటే, "నీతో ఉంటా" అంది. ఆ ఉండడం ఏమిటంటే నా మొహం చూస్తూ కూర్చోవడం. నేను ఇంకా పోలేదు, అప్పుడే జాగారం మొదలుపెట్టారు. నాటకమే నయం, అప్పుడు ఇడ్లీలైనా పడేవి అనిపించింది. నీ మీద కోపం వచ్చింది. నేనే చెప్పమన్నానని గుర్తొచ్చి ఇంకా కోపం వచ్చింది.

నిన్న మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడ్డాను. మా పెరటి ఓక్ చెట్లు ఈ ఏడాది ఆకంతా ఒక్కసారి రాల్చాయి. గడ్డి కనపడటం లేదు. పడమర మబ్బు పట్టింది. ఆ ఆకు తడిస్తే ఇక ఎత్తలేం, అట్టకట్టి కింద గడ్డంతా చస్తుంది. ఎవరూ కదలరు. నేనే కోటు వేసుకుని, గరాజ్‌లోంచి రేక్ తీసుకుని వెళ్ళి ఊడ్వడం మొదలుపెట్టాను.

"అమ్మా, స్టాప్! ఏం చేస్తున్నావ్?" అంటూ అది పరిగెత్తుకొచ్చింది. వెనకాల మా ఆయన, ఒక చెప్పు వేసుకుని.

"వాన వస్తోంది. కనపడటం లేదా?" అన్నాను.

"లీవ్స్ కోసమా! హూ కేర్స్!"

"నేను. పట్టు" అని రేక్ దాని చేతిలో పెట్టాను. వెనక మెట్ల పక్కనున్న కుర్చీలో కూలబడ్డాను. ఇద్దరూ నా దగ్గరికి రాబోయారు. చాలా రోజుల తర్వాత గట్టిగా అరిచాను. మీ నాన్న అరిచేవాడే చేను గట్టు మీద నిలబడి, అలా. ఎదురింటి ముసలాయన కుక్క కూడా మొరిగింది.

వాళ్ళు మొదలుపెట్టారు. మా ఆయనకి పోగు చేయడం రాదు, చెదరగొట్టడం వచ్చు. ఆద్య ఆయన్ని తిట్టింది. "డాడ్, నా వైపు తొయ్యకు! అటు, అటు!" ఆయన దాన్ని తిట్టాడు. సంచులు నింపారు, తొక్కారు, మళ్ళీ నింపారు. ఆద్య రెండు మూడుసార్లు తిరిగి నా వైపు చూసింది. పని ఆపొద్దని చెయ్యి ఊపాను. తర్వాత చూడటం మానేసి పనిలో పడింది. అప్పుడు నాకు ఒళ్ళంతా వదులైనట్టయింది. జులై తర్వాత నేను కదలకుండా కూర్చున్నది నిన్నే. నొప్పి ఉంది. ఉన్నా కూర్చున్నాను.

చివరి సంచి మూతి కడుతుండగా చినుకు పడింది. పొడుగామె ఎందుకు ఆగలేదో నీకు నేను వివరించలేను. పక్కన కూర్చుని చూస్తే తెలుస్తుంది.

లోపలికి వచ్చాక ఆద్య చేతులు కడుక్కుంటూ, నా వైపు తిరక్కుండా అంది, "నేను వెళ్తాను. బట్ రోజూ కాల్ చేస్తా, నువ్వు వీడియో ఆన్ చేయాలి. ఎలా ఉన్నా. ఆఫ్ చేస్తే నెక్స్ట్ ఫ్లైట్ ఎక్కేస్తా." సరేనన్నాను. "ప్రామిస్ కాదు. ఇప్పుడు ఆన్ చెయ్" అని పక్కగదిలోకి వెళ్ళి అక్కణ్ణుంచి కాల్ చేసింది. టోపీ తీసి ఆన్ చేశాను. అది చూసింది. నేనూ నన్ను చూసుకున్నాను, చాలా రోజులకి. అప్పుడు ఏడ్చింది. గోడ అవతల ఏడుస్తుంటే ఫోన్‌లోనూ వినపడింది, గోడలోంచీ వినపడింది. నేను ఫోన్ పెట్టేయలేదు.

జనవరి తర్వాత మందు వద్దని, ఆద్య మళ్ళీ సెలవులకి వచ్చాక డాక్టరమ్మతో చెప్పబోతున్నాను. ఈసారి మా ఆయన లోపలే ఉంటాడు. కార్ నేను తెస్తానంది ఆద్య. ఎల్లోస్టోన్ గది మాత్రం ఆయన వదలనంటున్నాడు. ఆద్యని, నిన్ను తీసుకుని వెళ్తాడట. వెళ్ళు. సాంబారు మాత్రం నువ్వు పెట్టు.

ఆద్య నీ దగ్గరికి ఆదివారం వస్తుంది. అది నిన్ను క్షమించిందో లేదో నేను అడగలేదు. ఆవకాయ సీసా బల్ల మీద పెట్టి ఉంచు.

నువ్వు ఎప్పుడు రావాలని అడుగుతావు. నేను కబురు పెట్టినప్పుడు చేతిలో ఉన్న పని ముగించుకునే రా, మధ్యలో పడేసి రాకు. కానీ ఈ చలికాలం పెద్ద పనులేవీ పెట్టుకోకు.

వసంత